వంతెన దాటిన గెలకు పూచీ ఎవరిది?

రావులపాలెం అరటి వర్తకంలో లేతకోత, కార్బైడ్, బిల్లు: ఒక పరిశీలన

జొన్నాడ: గౌతమి వంతెనకు ఈవలి ఒడ్డున, ఆలమూరు మండలంలో వున్న ఈ వూరు అరటి మార్కెట్ కాదు. అయినా కోనసీమ అరటి వర్తకం గురించి రాయవలసి వచ్చినప్పుడు జొన్నాడ పేరు ఎత్తక తప్పదు. ఆవలి ఒడ్డున రావులపాలెం యార్డులో లోడయిన గెలలు ఉత్తరాదికి పోవాలంటే లారీ ముందు ఈ వంతెన ఎక్కాలి. ఒడిశా సరుకైనా, ఛత్తీస్‌గఢ్ సరుకైనా, బీహారు సరుకైనా రహదారి మీద దిగేది జొన్నాడలోనే. ఈ రహదారి పూర్వం 5వ నెంబరు, ఇప్పుడు 16వ నెంబరు. నెంబరు మారినా దారి మారలేదు.

వంతెన దిగిన లారీలో పచ్చి గెలలు మాత్రమే వుంటాయి. వాటిని పండించిన రైతు పేరు లంకలోనే వుండిపోతుంది. కొని ఎగుమతి చేసిన వర్తకుడి పేరు చాలాసార్లు యార్డు గేటు దగ్గరే ఆగిపోతుంది. నాలుగైదు రోజుల తర్వాత బరంపురంలోనో, రాయపూరులోనో ఆ పండు కొనుక్కుని పిల్లవాడి చేతిలో పెట్టే తల్లికి అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. పండు బాగుంటే మళ్లీ కొంటుంది. బాగా లేకపోతే మరొక పండు కొంటుంది. ఆ రెండో మాట వర్తకులు జాగ్రత్తగా ఆలోచించవలసిన మాట.

వ్యాపార నీతి అనేసరికి మన వర్తకులలో చాలామందికి అది సభల్లో దండలు వేసుకుని మాట్లాడే విషయంగా తోస్తుంది. ఈ విలేఖరి చదివిన బి.కాం. పుస్తకాలలో కూడా దానిని చివరి అధ్యాయంలోకి తోసేవారు. పరీక్షకు అది రాదని అందరికీ ముందే తెలుసు. కాని అరటి విషయంలో అది చివరి అధ్యాయం కాదు. కత్తి గెలకు తగిలిన క్షణానే అది మొదలవుతుంది.

వర్తకుల వాదన

కార్బైడ్ మాట ఎత్తగానే ఎగుమతి వర్తకులు చెప్పే సమాధానం ఒకటే. తాము పంపేది పచ్చికాయ. మగ్గబెట్టేది అవతలి వూరి కొట్లవారు. వారు గదిలో పొగ పెడతారో, పొట్లం పెడతారో తమకేమి తెలుస్తుంది? పచ్చికాయకు తాము పూచీ, పండుకు వారు పూచీ.

వినడానికి న్యాయంగానే వుంది. రావులపాలెం నుంచి దూరప్రాంతాలకు పోయేది పచ్చి సరుకే అన్నది వాస్తవం. లారీ ఎక్కిన గెలకు ఇక్కడ ఎవరూ మందు పెట్టరు. కాబట్టి తప్పంతా అవతలివాడిదే అని తేల్చివేస్తే కథ ముగిసినట్టే. అయితే అవతలి కొట్టులో ఆ పొట్లం అవసరం ఎందుకు వచ్చిందని ఒక్క ప్రశ్న వేసుకుంటే వాదన సగానికి తగ్గుతుంది.

లేతకోత

అరటిచెట్టు గెల వేసిన తర్వాత రకాన్నిబట్టి, రుతువునుబట్టి సుమారు 90 నుంచి 120 రోజులకు గెల కోతకు వస్తుంది. రోజులు లెక్కపెట్టి కోసే రైతు అరుదు. కాయ పలకలు చూసి కోస్తాడు. లేతకాయ పలకలు తేలి కోణాలుగా కనిపిస్తుంది. ముదిరేకొద్దీ పలకలు పూడి గుండ్రన అవుతుంది. దూరపు లారీ ఎక్కవలసిన గెలను మూడువంతులు ముదరగానే కోస్తారు. దగ్గరి బజారుకు పోయేదయితే ఇంకా ముదరనిస్తారు. యార్డులో సైకిలు మీద గెలలు తెచ్చే కుర్రవాడిని అడిగినా ఈ సంగతి చెబుతాడు.

అరటి తనంతట తాను పండే జాతి. కాయ తగినంత ముదిరితే దానిలోనే ఎథిలీన్ అనే వాయువు పుట్టి తొక్కను పసుపు చేస్తుంది, పిండిని తీపిగా మారుస్తుంది. పాతకాలపు కొట్లలో గెలలు గదిలో పేర్చి, గడ్డి కప్పి, పొగబెట్టడంలో వున్న కిటుకు కూడా అదే. పొగలో వుండే ఎథిలీన్ కాయలోని ఎథిలీన్‌ను లేపుతుంది. అది మందు కాదు, కాయ చేసుకునే పనికి తోడ్పాటు మాత్రమే.

కాని కాయ ముదరకుండా కోస్తే ఆ పని సరిగా జరగదు. ఒక అత్తం పండుతుంది, దాని కింది అత్తం పచ్చిగానే వుంటుంది. తొక్క వడలిపోతుంది, లోపల పిండి గట్టిగా వుంటుంది. ముదురూ లేతా కలిపి ఒకే లారీలో వస్తే అవతలి కొట్టువాడు ఏమి చేస్తాడు? పండగ నాలుగు రోజుల్లో వుంది. సరుకంతా ఒకేసారి పసుపు రంగులోకి రావాలి. కార్బైడ్ పొట్లం చౌక. గెలల మధ్య పెడితే తేమ తగిలి ఎసిటిలీన్ వాయువు వస్తుంది, తొక్క రంగు మారుతుంది. లోపల కాయ పచ్చిగా వుందా పండిందా అన్నది కొన్నవాడి నోటికి తెలియవలసిందే.

ఆ పొట్లం పెట్టిన చెయ్యి అవతలివాడిదే. కాని దానికి అవసరం పుట్టించిన కోత ఇక్కడిది. రెండూ ఒకే నేరం అని అనడం లేదు. ఒకదానికొకటి సంబంధం లేదనడం మాత్రం వర్తకుడి లెక్క కాదు, వకీలు లెక్క.

తొందర ఎందుకు?

లేతకోతకు కారణం ఎప్పుడూ దురాశే అనుకోవడం పొరపాటు. మూడు రకాల తొందరలు వున్నాయి, వాటి న్యాయం వేరువేరు.

మొదటిది గిరాకీ తొందర. శ్రావణమాసం నోములు, వినాయక చవితి, దసరా, కార్తీకం ఇక్కడి గిరాకీ. ఒడిశాకు దుర్గాపూజ వుంది. కార్తీకంలోనే వచ్చే ఛఠ్ పూజకు బీహారులో పూర్తి గెలనే కొని పూజలో పెడతారు. ఆ రోజులలో ధారణ ఎక్కుతుంది. వారం ఆగితే ధర దిగుతుందని రైతుకూ భయం, వర్తకుడికీ భయం. ఇద్దరూ కలిసి కత్తి ముందుకు జరుపుతారు. దీనికి సాకు లేదు.

రెండవది గోదావరి తొందర. లంకల్లో అరటి వేసినవాడు ఆషాఢ, శ్రావణాలలో ఆకాశం వంక కాదు, ధవళేశ్వరం వంక చూస్తాడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటి మూడవ ప్రమాద హెచ్చరిక ఎగిరింది. నాలుగు రోజులు నీరు నిలిస్తే తోట చచ్చిపోతుంది. అటువంటప్పుడు రెండవ హెచ్చరిక రాకముందే చేతికందిన గెల కోసుకోవడం రైతు తప్పు కాదు. అయితే ఆ రోజున యార్డుకు ఒకేసారి సరుకు దిగుతుంది, కొనుగోళ్లు మందగిస్తాయి, సగం ధరకు అడిగేవారు తయారవుతారు. వరద గెల లేత గెల అని ధర తగ్గించడం న్యాయమే. ఎంత లేతదో చూడకుండా, రైతు వెనక్కి తీసుకుపోలేడు కదా అని తగ్గించడం వేరే సంగతి. ఈ రెండింటి తేడా యార్డులో ప్రతి ఒక్కరికీ తెలుసు. రాసే ఖాతా మాత్రం ఎక్కడా లేదు.

మూడవది అప్పు తొందర. కోనసీమలో సాగు చేసేవారిలో కౌలురైతులు చాలామంది. భూమి పత్రం లేనివాడికి బ్యాంకు తలుపు తెరుచుకోదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చినా, కౌలు కార్డు మీద యజమాని సంతకం కావాలి, ఆ సంతకం సులువుగా పడదు. పిలకలకు, ఎరువుకు, గెడలకు పెట్టుబడి వర్తకుడి దగ్గరే అడ్వాన్సుగా పుడుతుంది. అడ్వాన్సు ఇచ్చినవాడు రమ్మన్నప్పుడు కోయాలి, చెప్పిన ధరకు ఇవ్వాలి. పెట్టుబడి పెట్టిన వర్తకుడు దానిపై ఏదో ఒక రాబడి ఆశించడంలో తప్పు లేదు. కాని వడ్డీ, కమీషను, ధర తగ్గింపు మూడూ ఒకే అడ్వాన్సు మీద పిండుకుంటే దానిని వ్యాపారం అనడం కష్టం. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ల చట్టం 1966లో వచ్చినప్పుడు దాని ముఖ్య ఉద్దేశాలలో ఒకటి లెక్కలేని కోతలను అరికట్టడమే. యార్డు గేటు లోపల కొంతవరకు అది జరిగింది. గట్టు మీద జరిగే బేరానికి ఆ చట్టం ఇంకా పూర్తిగా చేరలేదు.

రైతు ఎంతకాలం ఓర్చుకుంటాడన్నది కోనసీమ వర్తకులకు ఒకసారి అనుభవమైన విషయమే. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు లేదని కోనసీమ వరి రైతులు పంట విరామం ప్రకటించారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసేవరకు దేశమంతా అదే వార్త. వరి వేయనివాడు మిల్లుకు రాడు. అరటి వేయనివాడు యార్డుకు రాడు.

గెలా? కిలోనా?

రావులపాలెంలో బేరం గెల లెక్కన. కర్పూరం గెల ఇంత, చక్రకేళి గెల ఇంత, అమృతపాణి ఇంత, కూరకు పోయే బొంత ఇంత అని ధర పలుకుతుంది. చూపు తిరిగిన వర్తకుడు గెలను ఒక్కసారి ఎత్తి దింపితే బరువు చెప్పగలడు. ఆ నేర్పును తక్కువ చేయడం ఈ విలేఖరి ఉద్దేశం కాదు. కాని ఆ నేర్పు కొనేవాడి దగ్గరే ఎక్కువగా వుంటుంది. ఏడాదికొకసారి గెలలు తెచ్చే రైతు కంటే రోజూ వందల గెలలు చూసే వర్తకుడి కన్ను పదునైనది కాకతప్పదు.

దీనికి లేతకోతతో సంబంధం వుంది. ఉదాహరణకు నిండుగా ముదిరితే 15 కిలోలు తూగవలసిన గెలను 12 కిలోల దగ్గరే కోశారనుకుందాం. గెల లెక్కన అయితే రెండింటికీ ఇంచుమించు ఒకే ధర పలకవచ్చు. అప్పుడు ఆగిన రైతుకు ఆగినందుకు ప్రతిఫలం లేదు. కిలో లెక్కన అయితే ఆ మూడు కిలోల నష్టం కోసినవాడి చేతిలోనే పడుతుంది, కత్తి దానంతట అదే ఆగుతుంది. తినేవాడు మాత్రం ఉత్తరాదిలో డజను లెక్కన, కొన్నిచోట్ల కిలో లెక్కన కొంటున్నాడు. మధ్యలో ఎక్కడో గెల కిలోగా మారుతున్నది. ఆ మారే చోట లాభం ఎవరిదో చెప్పనక్కరలేదు.

కిలో లెక్కకు అభ్యంతరాలు లేకపోలేదు. ప్రతి గెలనూ కాటా మీద పెడితే సమయం పడుతుంది, ఎత్తి దింపడంలో కాయ దెబ్బతింటుంది, కాండం బరువు ఎవరిదన్న తగాదా వస్తుంది. ఇవి నిజమైన ఇబ్బందులే. అయినా పది గెలలను ఒక్కసారిగా తూచి సగటు కట్టడం పెద్ద పని కాదు. మండపేట మిల్లుల్లో ధాన్యానికి లారీ ఎత్తు తూకం వేసే జిల్లాలో అరటికి తూకం అసాధ్యమంటే నమ్మడం కష్టం.

చట్టం ఏమంటుంది?

కార్బైడ్ మీద నిషేధం కొత్తది కాదు. 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నియమాలలో 44-ఎఎ నియమం కార్బైడ్ గ్యాసుతో మగ్గబెట్టిన పండ్ల అమ్మకాన్ని నిషేధించింది. తర్వాత 2006లో ఆహార భద్రతా ప్రమాణాల చట్టం వచ్చింది. దాని కింద 2011లో వచ్చిన నిబంధనలు అదే నిషేధాన్ని కొనసాగించాయి. కారణం ఎసిటిలీన్ ఒక్కటే కాదు. బజారులో దొరికే పారిశ్రామిక కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు వుంటాయి. తలనొప్పి, కడుపునొప్పి, నోరు మండడం నుంచి మొదలయి దాని హాని ఎంతవరకైనా పోవచ్చు. అందరికంటే ముందు దెబ్బతినేది ఆ పొట్లాలు కట్టే కూలివాడు. అతడి మాట ఎవరూ రాయరు.

2015లో అప్పటి ఉమ్మడి హైకోర్టు హైదరాబాదులో ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు చేపట్టింది. మామిడి కాలంలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మీద వచ్చిన ఆరోపణలే దానికి నేపథ్యం. ఆహార తనిఖీ అధికారులు, ప్రయోగశాలలు ఎందుకు చాలినన్ని లేవని రెండు ప్రభుత్వాలనూ కోర్టు నిలదీసింది. కొద్దికాలం దాడులు జరిగాయి, సరుకు పట్టుబడింది, ధర పడింది. పడిన ధరలో కార్బైడ్ వాడనివాడి సరుకు కూడా వున్నదన్నది గమనార్హం. మార్కెట్ పేరు చెడితే నష్టం మనిషిని చూసి పంచుకోదు.

ఇక మన ఎగుమతి వర్తకులు తప్పక తెలుసుకోవలసిన విషయాలు 2006 చట్టంలో మూడు వున్నాయి. రైతు చేతిలో వున్నంతవరకు పంటను చట్టం తన పరిధిలోనికి తీసుకోలేదు. రైతు కాని మరొకరి చేతిలోకి రాగానే అది ‘ప్రాథమిక ఆహారం’ అవుతుంది. అంటే చట్టం మొదలయ్యేది యార్డులో, వర్తకుడి దగ్గర. రెండవది, 26వ సెక్షను ప్రకారం ఒక వ్యాపారి మరొక వ్యాపారికి ఆహారపదార్థం అమ్మితే దాని స్వభావం, నాణ్యతల మీద రాతపూర్వక హామీ ఇవ్వాలి. వేరే హామీపత్రం లేకపోయినా బిల్లే హామీ కింద లెక్క. మూడవది, 27వ సెక్షను. సరుకు ఎవరి దగ్గరినుంచి వచ్చిందో గుర్తు చెప్పలేని టోకు వర్తకుడు, చిల్లర వర్తకుడు అందుకు తామే బాధ్యులు.

మూడింటినీ కలిపి చదివితే ‘పచ్చికాయకు మేము, పండుకు వారు’ అన్న వాదన ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది. కార్బైడ్ నేరం ఇక్కడివారికి అంటదు, అది నిజమే. కాని తాను పంపిన సరుకు ఎటువంటిదో రాసి ఇచ్చే బాధ్యత అంటుతుంది. లేతకాయకు ముదురుకాయ బిల్లు రాస్తే ఆ బిల్లే ఎదురు సాక్ష్యం. ఇంతవరకు అలా ఎవరూ కోర్టుకు లాగలేదు కదా అని నిశ్చింతగా వుండవచ్చు. నిశ్చింతకూ నీతికీ మాత్రం సంబంధం లేదు.

మరో దారి వుంది

కార్బైడ్ వద్దంటే వ్యాపారం ఆగిపోతుందన్నది పాతమాట. 2016లో ఆహార భద్రతా సంస్థ ఎథిలీన్ వాయువును 100 పి.పి.ఎం. వరకు వాడవచ్చని అనుమతించింది. మగ్గబెట్టే గదిలో 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం, 90 శాతం పైగా తేమ పెట్టి, ఒక రోజు ఎథిలీన్ వదిలి, తర్వాత గాలి మార్చుతూ వుంటే నాలుగైదు రోజులలో సరుకంతా ఒకే రంగులోకి వస్తుంది. లోపల పిండి కూడా పండుతుంది. కొట్టులో నిలువ వుండే రోజులు పెరుగుతాయి. కార్బైడ్ పండు రెండు రోజులకే నల్లమచ్చలు పడి చిల్లరకొట్టువాడి నెత్తిన పడుతుంది. ఆ నష్టం వచ్చే లారీ బేరంలో తిరిగి మన నెత్తినే పడుతుంది. ఎథిలీన్ పొడి పొట్లాలు వాడేవారు పొట్లం కాయకు తగలకుండా పెట్టాలన్నది కూడా నిబంధనే. ఎథిఫాన్ నీళ్లలో కాయలు ముంచి తీయడం అనుమతించిన పద్ధతి కాదు. చౌక అని దానివైపు పోయేవారికి ఇది హెచ్చరిక.

గదికి ఖర్చు లేకపోలేదు. సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద మగ్గబెట్టే గదులకు మైదాన ప్రాంతాలలో 35 శాతం వరకు రాయితీ ఇచ్చే పద్ధతి 2014 నుంచి నడిచింది. ఒక్కడు పెట్టుకోలేని గదిని నలుగురు కలిసి పెట్టుకోవచ్చు. కొవ్వూరులోని ఉద్యాన పరిశోధనా స్థానం ఎంతోకాలంగా అరటి మీదనే పని చేస్తున్నది. గోదావరి దాటితే అందే దూరంలో వున్న ఆ సంస్థ సలహా అడిగిన వర్తకులకంటే రైతులే ఎక్కువ. ఆ సలహా వర్తకులు కూడా అడిగితే ఎవరూ కాదనరు.

అయినా గది అవతలి వూళ్లో కదా అనవచ్చు. నిజమే. కాని ముదిరిన, ఒకే ఈడు గెలలు పంపినప్పుడే గది పని చేస్తుంది. లేతా ముదురూ కలిసిన సరుకును ఏ గదీ బాగుచేయలేదు.

పేరున్న పండు, పేరులేని పండు

వ్యాపార నీతి చరిత్రలో అరటిపండుకు ప్రత్యేక స్థానం వుంది. అది గొప్ప స్థానం కాదు. అమెరికాకు చెందిన యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ మధ్య అమెరికా దేశాలలో భూములు, రైళ్లు, రేవులు చేతిలో పెట్టుకుని ప్రభుత్వాలనే ఆడించింది. 1928లో కొలంబియాలో ఆ కంపెనీ తోట కూలీలు సమ్మె చేస్తే సైన్యం కాల్పులు జరిపింది. దాని వారసత్వ సంస్థ యునైటెడ్ బ్రాండ్స్ అరటి ఎగుమతి పన్ను తగ్గించుకోవడానికి హోండూరాస్‌లో 12.5 లక్షల డాలర్ల లంచం ఇచ్చిన సంగతి 1975లో బయటపడింది. అటువంటి బాగోతాలు వరుసగా బయటికి వచ్చిన తర్వాతే అమెరికా 1977లో విదేశీ లంచాల నిరోధక చట్టం చేసింది. ఆ కంపెనీ తర్వాత చికిటాగా పేరు మార్చుకుంది.

ఆ కంపెనీని ఎవరూ ఆదర్శంగా తీసుకోనక్కరలేదు. కాని దాని పండు మీద వున్న నీలం బిళ్ల గురించి ఆలోచించవలసిందే. బిళ్ల అంటించినవాడు తన పండు చెడితే తన పేరు చెడుతుందని ఒప్పుకున్నట్టు. అందుకే ఆ పండ్లు పచ్చిగా ఓడ ఎక్కినా దిగిన చోట ఎథిలీన్ గదిలో లెక్కప్రకారం పండుతాయి. నీతి మీద ప్రేమకంటే పేరు మీద భయమే అక్కడ ఎక్కువ పని చేసింది.

అంత దూరం పోనక్కరలేదు. 2020 జనవరిలో అనంతపురం జిల్లా తాడిపత్రి నుంచి 43 శీతల కంటెయినర్లలో అరటి రైలెక్కి ముంబయి రేవుకు పోయింది, అక్కడినుంచి విదేశాలకు ఓడ ఎక్కింది. అది జి-9 రకం. గెల నేల తగలకుండా అత్తాలుగా కోసి, కడిగి, పెట్టెల్లో సర్ది పంపినది. రాయలసీమలో అరటి పంట ఈ స్థాయికి రావడం నిన్నమొన్నటి మాట. గోదావరి లంకలలో అరటి తరతరాలది. పాతవాళ్లు గెల లెక్కన లారీ మీద పేర్చుతూ వుండగా కొత్తవాళ్లు పెట్టె మీద పేరు వేసుకుని రేవు దాటారు. కర్పూరానికి, చక్రకేళికి వున్న రుచి జి-9కు లేదని గోదావరి ప్రజలు అంటారు. అనుమానం లేదు. రుచి వున్న పండుకు పేరు లేదు, పేరు వున్న పండుకు రుచి చాలదు, అంతే తేడా.

పేరు వస్తే ఏమవుతుందో రావులపాలెం పొరుగునే చూడవచ్చు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకుముందు ఏ వూళ్లో చుట్టినా ఆత్రేయపురం పూతరేకే. ఇప్పుడు ఆ పేరు వాడుకోవడానికి హక్కు వుంది, దానితోపాటు జాగ్రత్త కూడా వచ్చింది. అరటిలో మహారాష్ట్ర జల్‌గాంవ్, కర్ణాటక నంజనగూడు రసబాళె, కేరళ చెంగలికోడన్ ఆ గుర్తింపు ఎప్పుడో తెచ్చుకున్నాయి.

దానధర్మాల మాట

సామాజిక బాధ్యత అనగానే మన వైపు వర్తకులకు గుర్తువచ్చేది దానం. అందులో కోనసీమకు ఎవరూ వంక పెట్టలేరు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన గడ్డ ఇది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకర్‌గారు రంగూన్‌లో సంపాదించిన సొమ్ముతో ఏర్పడిన ధర్మసంస్థ చదువులు చెప్పిస్తున్నది. గుడికి గోపురం, బడికి గదులు, వరదకు పులిహోర పొట్లాలు మన వర్తకులు ఎప్పుడూ వెనుకాడలేదు.

కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షను పెట్టి పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలని నిర్బంధించింది. 500 కోట్ల నికర ఆస్తి, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం వున్న కంపెనీలకే అది వర్తిస్తుంది. రావులపాలెం కమీషన్ కొట్లకు ఆ లెక్క అంటదు. అంటనందుకు సంతోషించేవారు వుంటే వుండవచ్చు. ఈ విలేఖరి అభిప్రాయం వేరు. లాభం వచ్చిన తర్వాత పంచే 2 శాతం కంటే లాభం వచ్చే దారిలో చేసే తూకం పెద్దది. రైతు దగ్గర గెలకు పది రూపాయలు తగ్గించి, అదే డబ్బుతో కార్తీకంలో అన్నసమారాధన చేస్తే పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుందో అన్నం తిన్నవాడే చెప్పాలి.

బిల్లులో మూడు గళ్లు

ఇంత చెప్పిన తర్వాత చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఎగుమతి బిల్లులో ప్రస్తుతం సాధారణంగా రకం, గెలల సంఖ్య, ధర, కిరాయి వుంటాయి. దానిలో మరి మూడు గళ్లు చేర్చితే చాలు. ఒకటి కోత తేదీ. రెండు, ఏ లంక లేక ఏ గ్రామం సరుకు. మూడు, పది గెలల సగటు తూకం. మూడింటికీ యంత్రం అక్కరలేదు, అదనపు గుమాస్తా అక్కరలేదు.

కోత తేదీ వుంటే అవతలి కొట్టువాడు ఎన్ని రోజులకు మగ్గుతుందో లెక్క వేసుకుంటాడు, తొందర తగ్గుతుంది. గ్రామం పేరు వుంటే 27వ సెక్షను అడిగే గుర్తు దొరుకుతుంది, మంచి సరుకు పండించిన వూరికి మరుసటి బేరంలో రెండు రూపాయలు ఎక్కువ పలుకుతుంది. తూకం వుంటే లేతకోత దానంతట అదే బయటపడుతుంది. వరద రోజుల సరుకైతే బిల్లు మీద ‘వరద కోత’ అని ఒక్క మాట రాయవచ్చు. కొన్నవాడు తెలిసి కొంటాడు, ధర తెలిసి తగ్గుతుంది, రైతుకు ఎందుకు తగ్గిందో తెలుస్తుంది.

ఒక్కడు మొదలుపెడితే నష్టపోతాడన్న భయం వర్తకులలో వుంది. తాను ముదురు గెల తెచ్చేవరకు ఆగితే పక్కవాడు లేతగెల పంపి పండగ ధర కొట్టుకుపోతాడు. ఆ భయం నిజమైనదే, అందుకే ఇది ఒక్క కొట్టు చేసే పని కాదు. యార్డు మొత్తం ఒక తేదీ పెట్టుకుని చేయాలి. దానికి సరైన కాలం ధర ఎక్కిన కార్తీకం కాదు. యార్డులో గెలలు పేరుకుని, కొనుగోళ్లు నీరసంగా వుండి, కొట్లలో నలుగురూ ఖాళీగా కూర్చునే నెలలో అయితే బిల్లు పుస్తకాలు కొత్తవి అచ్చు వేయించుకోవడానికి తీరిక దొరుకుతుంది.